హైబ్రిడ్ ఎస్‌యూవీ బ్రేకులు: వాన మర్నాటి గరగర, గుంత దగ్గరి జారుడు, ఘాట్ దిగుతుంటే మారే పెడల్

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీది రెండేళ్ల క్రితం కొన్న స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారుతోనూ నడిచే) ఎస్‌యూవీ. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది, వారానికి రెండు మూడు రోజులే బయటికి తీస్తారు. వాన పడిన మర్నాడు మొదటి బ్రేకులకు గరగరమని శబ్దం చేస్తూ ఉన్నట్టుండి పట్టేస్తోంది. మెల్లగా బ్రేకు తొక్కుతూ గుంత దాటినప్పుడు బండి ముందుకు జారినట్లు అనిపిస్తోంది. కుటుంబంతో తిరుమల కొండ దిగుతుండగా సగం దారిలో ఇంజన్ హోరెత్తింది, పెడల్ తీరు కూడా మారింది. డ్రైవర్ తలుపు తీయగానే బానెట్ వైపు నుంచి చిన్న మోటారు తిరిగిన చప్పుడు వస్తోంది. సర్వీస్ సెంటర్‌వారు అన్నిటికీ కలిపి "ఇదంతా నార్మలే" అని పంపేశారు. బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు ఇంటి దగ్గరి షెడ్డులో మార్పించుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

ఇన్నేళ్లుగా వర్క్‌షాపులో ఇటువంటి బండ్ల చక్రాలు విప్పి చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను. తలుపు దగ్గరి చప్పుడు సహజమే. గుంత దగ్గరి జారుడు కొంత మేరకే సహజం. ఘాట్‌లో ఇంజన్ హోరు సహజమే గాని, పెడల్ మారడాన్ని మాత్రం తేలికగా తీసుకోకూడదు. వాన మర్నాటి గరగర కోసమైతే నాలుగు చక్రాలూ విప్పించి చూడవలసిందే. ఈ నాలుగింటినీ ఒకే మాటతో కొట్టిపారేయడం సరికాదు.

కారణాలు అర్థం కావాలంటే ఈ బండి ఎలా ఆగుతుందో తెలియాలి. మామూలు పెట్రోలు కారులో ఇంజన్ పీల్చే గాలి వల్ల ఏర్పడే వాక్యూమ్ మీ పాదానికి బలం కలుపుతుంది. ఆ బలం ఆయిల్ ద్వారా నేరుగా చక్రాల దగ్గరి కాలిపర్లకు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లను అదిమి పట్టే భాగాలకు, చేరుతుంది. హైబ్రిడ్‌లో ఇంజన్ మాటిమాటికీ ఆగిపోతుంది కాబట్టి వాక్యూమ్‌ను నమ్ముకోవడానికి వీలులేదు. అందువల్ల ఒత్తిడిని తయారు చేసే పనిని ఎలక్ట్రిక్ పంపుకో మోటారుకో అప్పగించారు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు పెడల్ తొక్కినప్పుడు పాదానికి తగిలే గట్టిదనం చాలా హైబ్రిడ్లలో చక్రాల నుంచి వచ్చేది కాదు. లోపల అమర్చిన ఒక స్ప్రింగు పరికరం ఆ అనుభూతిని కల్పిస్తుంది. మీరు ఎంత లోతుగా, ఎంత వేగంగా తొక్కారో సెన్సార్లు కొలుస్తాయి. ఎంత ఆపాలో కంప్యూటర్ లెక్క వేసి, అందులో వీలైనంత భాగాన్ని మోటారుకు ఇస్తుంది. మోటారు జనరేటర్‌గా మారి చక్రాలను వెనక్కి పట్టుకుంటూ బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, మిగిలిన భాగాన్నే ప్యాడ్లు చేస్తాయి. నిదానంగా నడిపేవారి విషయంలో వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్ల దరిదాపులకు దిగే వరకు ప్యాడ్లకు దాదాపు పనే ఉండదు.

దీనివల్ల రెండు పరిణామాలు ఉన్నాయి, ఈ సమాధానం మొత్తం వాటి మీదే ఆధారపడి ఉంది. మొదటిది, ఈ బ్రేకులు వాడి వాడి అరిగిపోవడం కంటె వాడక పాడవడమే ఎక్కువ. రెండవది, పాత కారులో పెడల్ మెత్తబడిందా, లోతుకు పోతోందా అన్నది అనుభవం ఉన్న డ్రైవరు పాదంతోనే పసిగట్టేవాడు. ఇక్కడ పెడల్ ఆ నిజాన్ని కప్పిపెడుతుంది. అందుకే కళ్లతో చూడటం, కొలవడం తప్ప మరో దారి లేదు.

ఇదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్ల సంగతి. 12 వోల్టుల బెల్టు మోటారుతో ఇంజన్‌కు కాస్త సాయం చేసే మైల్డ్ హైబ్రిడ్లలో బ్రేకులు దాదాపు మామూలు కారు బ్రేకులే, వాటికి ఈ చర్చలో చాలా భాగం వర్తించదు. మన దగ్గర 2022లో గ్రాండ్ విటారా, అర్బన్ క్రూజర్ హైరైడర్, ఆ ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చిన తరువాతనే స్ట్రాంగ్ హైబ్రిడ్ కుటుంబ బండ్లు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కాయి. ఒకే పేరుతో రెండు రకాలూ అమ్ముడవుతున్నందున, సలహా అడిగేటప్పుడు మీది ఏ రకమో చెప్పడం అవసరం.

ఇక వాన మర్నాటి గరగర గురించి. బ్రేక్ డిస్కును పోత ఇనుముతో చేస్తారు. ప్యాడ్లు రుద్దుకునే దాని ముఖానికి రంగూ పూతా ఏదీ ఉండదు, ఉండకూడదు కూడా. తడి తగిలితే ఒక్క రాత్రిలోనే నారింజ రంగు పొర పడుతుంది. మామూలు కారులో వీధి చివరకు వెళ్లేలోగా రెండు మూడు బ్రేకులకే ప్యాడ్లు ఆ పొరను గీకేస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. హైబ్రిడ్‌లో ఆ రెండు మూడు బ్రేకులనూ మోటారే వేస్తుంది. తుప్పు అలాగే ఉండిపోతుంది; తరువాతి వానకు దాని మీద మరో పొర చేరుతుంది. చివరి పది కిలోమీటర్ల వేగంలో ప్యాడ్లు హఠాత్తుగా రంగంలోకి దిగినప్పుడు, అటువంటి గరుకు డిస్కు మీద పట్టు ఎక్కువై బండి కుదుపుతో ఆగుతుంది. మీరు చెప్పిన "పట్టేయడం" ఇదే. వారానికి రెండు రోజులే తిరిగే బండి, అదీ తేమ నిండిన సెల్లార్‌లో ఉన్నది కాబట్టి మీకు ఇది మరింత ఎక్కువ. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లోని బండ్లకు ఉప్పుగాలి తోడవుతుంది. అమెరికాలో న్యూజెర్సీ, మిషిగన్ ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లు చలికాలమంతా ఉప్పు చల్లిన రోడ్ల మీద హైబ్రిడ్ ఎస్‌యూవీలు నడుపుతారు కాబట్టి వాళ్లకు ఇదే సమస్య ఇంకా తొందరగా వస్తుంది.

ఒక్క పొర తుప్పు ప్రమాదం కాదు. అసలు సమస్య దాని వెనుక, కంటికి కనిపించని చోట ఉంటుంది. కాలిపర్ రెండు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతూ ఉండాలి, అప్పుడే లోపలి ప్యాడూ బయటి ప్యాడూ సమానంగా నొక్కుతాయి. నెలల తరబడి పని లేక పిన్నుల మీది గ్రీజు ఎండిపోయి, రబ్బరు తొడుగులో నీరు చేరితే కాలిపర్ ఒక చోట బిగుసుకుపోతుంది. వెనుక చక్రం విప్పగానే ఇటువంటి బండిలో కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. బయటి ప్యాడ్ కొత్తదానిలా నిండుగా ఉంటుంది. కాలిపర్ తీసి లోపలి ప్యాడ్ బయటికి లాగితే అది ఇనుప పలక దాకా అరిగి ఉంటుంది. డిస్కు బయటి ముఖం మెరుస్తూ ఉంటుంది. టార్చిలైటు పెట్టి లోపలి ముఖం చూస్తే మధ్యలో వలయాల గాట్లు, అంచు చుట్టూ వేలికి తగిలే తుప్పు గట్టు ఉంటాయి. పిన్ను చేతితో లాగితే రాదు. సుత్తితో తట్టవలసి వస్తుంది. చక్రం విప్పకుండా, అల్లాయ్ సందులోంచి బయటి ప్యాడ్ మాత్రమే చూసి "80 శాతం ఉంది" అని జాబ్ కార్డు మీద రాసే అలవాటు ఈ బండ్ల విషయంలో నిజంగా ప్రమాదకరం.

కాబట్టి నాలుగు చక్రాలూ విప్పించి, లోపలి, బయటి ప్యాడ్ల మందాలను మిల్లీమీటర్లలో విడివిడిగా రాయించుకోండి. రెండింటి మధ్య 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పిన్నులో, ప్యాడ్‌ను తోసే పిస్టన్‌లో, ప్యాడ్ కూర్చునే క్లిప్పులో ఏదో ఒకటి బిగుసుకుందని అర్థం. మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చడమే మంచిది. డిస్కు ఎంతవరకు అరగవచ్చో దాని మీదే చెక్కి ఉంటుంది. గాట్లు పడిన డిస్కును లేత్ మీద పెట్టి కోయించే ముందు ఆ అంకెను చూడాలి, కోసిన తరువాత అంతకంటె పలచబడేటట్లయితే కొత్తది వేయాలి. పిన్నులకు వాడే గ్రీజు విషయంలో గట్టిగా ఉండండి. షెడ్లలో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు పెట్రోలియం నుంచి వచ్చినది. అది బ్రేకు రబ్బరును ఉబ్బిస్తుంది, ఆరు నెలల్లో పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులో దొరుకుతుంది, ధర కూడా ఎక్కువేమీ కాదు.

బిగుసుకున్న కాలిపర్‌ను ఇంట్లోనే కనిపెట్టడానికి హైబ్రిడ్ ఒక మంచి అవకాశం ఇస్తుంది. నిదానంగా ఓ ఇరవై నిమిషాలు నడిపి బండి ఆపిన తరువాత నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి. డిస్కును తాకవద్దు, దగ్గరగా ఉంచితే చాలు. ప్యాడ్లకు పని పడలేదు కాబట్టి నాలుగూ దాదాపు చల్లగా ఉండాలి. ఒక్కటే సెగ కొడుతుంటే ఆ చక్రంలో ప్యాడ్ విడవడం లేదు. మైలేజీ కారణం లేకుండా తగ్గడం కూడా దీనికి గుర్తే.

నివారణకు మీరు చేయగలిగినది ప్యాడ్లకు అప్పుడప్పుడు పని కల్పించడం. వారానికి ఒకసారి, వెనుక వాహనం లేదని అద్దంలో చూసుకుని, ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 20 వరకు గట్టిగా, స్థిరంగా బ్రేకు వేయండి. మోటారు ఒక్కటే ఆపగలిగిన హద్దు దాటినప్పుడు ప్యాడ్లు తప్పనిసరిగా పని చేస్తాయి. ఇలా ఐదారు సార్లు, మధ్యలో కాస్త దూరం నడుపుతూ చేస్తే పైపై తుప్పు పోతుంది. టొయోటా పద్ధతి హైబ్రిడ్లలో న్యూట్రల్‌లో పెడితే మోటారు ఛార్జింగ్ ఆగిపోయి ఆపే పనంతా ప్యాడ్లదే అవుతుంది; ఇదీ ఒక మార్గమే, అయితే సమతలంగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద 40 లోపు వేగంలో మాత్రమే, అలవాటైన డ్రైవరు మాత్రమే చేయాలి. వాలు మీద, ఘాట్ మీద న్యూట్రల్ అన్న ఆలోచనే రానివ్వకండి.

ఈ సందర్భంలో మరొక సంగతి చెప్పాలి. వాననీటిలో నుంచి బయటపడ్డాక బ్రేకును మెల్లగా తొక్కుతూ కొంత దూరం నడిపితే డిస్కులు ఆరతాయి అని మనందరికీ పెద్దవాళ్లు నేర్పారు. మామూలు కారుకు అది మంచి సలహా. హైబ్రిడ్‌లో మెల్లగా తొక్కితే మోటారే బండిని పట్టుకుంటుంది, డిస్కులు చాలావరకు తడిగానే ఉంటాయి. మీకు మాత్రం ఆరిపోయాయన్న ధీమా కలుగుతుంది. నీరు దాటిన తరువాత వేగం తక్కువగా ఉంచి, కాస్త గట్టిగానే కొన్ని సార్లు బ్రేకు వేయాలి. బండి కడిగించిన వెంటనే సెల్లార్‌లో పెట్టి నాలుగు రోజులు వదిలేయడం కూడా మానుకోండి. కడిగాక ఒక చుట్టు తిప్పి, బ్రేకులు వేసి, ఆరిన తరువాత పెట్టండి.

ఇప్పుడు తిరుమల ఘాట్. ఇక్కడ లెక్క వేసి చూపిస్తేనే విషయం అర్థమవుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే రమారమి 700 మీటర్ల దిగుడు. ఐదుగురు మనుషులు, సామానుతో కలిపి బండి 1,700 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి మన కరెంటు బిల్లు భాషలో మూడు యూనిట్లకు పైనే. టైర్ల రాపిడి, గాలి కొంత తినేసినా సుమారు రెండు యూనిట్ల శక్తిని దిగే దారిలో ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఉన్న బ్యాటరీ మొత్తం సామర్థ్యం 0.76 యూనిట్. అందులోనూ బ్యాటరీ ఆయుష్షు కోసం కంప్యూటర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది, అట్టడుగుకు పోనివ్వదు, అంచు దాకా నింపదు. అంటే కొండ దిగడం మొదలుపెట్టిన తొలి కొద్ది కిలోమీటర్లలోనే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తరువాత మోటారు పట్టిన శక్తిని పెట్టుకోవడానికి చోటు లేదు.

అప్పుడు కంప్యూటర్ చేసే పని, పెట్రోలు ఇవ్వకుండా ఇంజన్‌ను కరెంటుతో వేగంగా తిప్పడం. గాలిని పీల్చి నొక్కే ఆ శ్రమలో అదనపు శక్తి కరిగిపోతుంది. మీరు విన్న హోరు అదే, అది బండికి మేలు చేసేదే. గేర్ లివర్‌లో ఉన్న బి స్థానం (దిగుడులో ఇంజన్‌తో బండిని పట్టి ఉంచేది) ఇందుకోసమే ఉంది. దాన్ని సగం దారిలో కాక, కొండ మీద దిగుడు మొదలయ్యే చోటనే వేయండి. హోరుకు భయపడి మళ్లీ మామూలు డి (డ్రైవ్) లోకి మార్చేవారిని చాలామందిని చూశాను. అలా చేయడం వల్ల భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. పాదాన్ని పెడల్ మీద ఆనించి ఉంచి కిలోమీటర్ల కొద్దీ దిగడం కూడా మంచిది కాదు. మలుపుకు ముందు గట్టిగా వేసి వేగం తగ్గించుకుని, పూర్తిగా వదిలేసి, డిస్కులకు గాలి తగలనివ్వాలి. శ్రీశైలం ఘాట్‌కైనా, అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌కైనా ఇదే వర్తిస్తుంది.

పెడల్ మారడంలో రెండు రకాలు ఉన్నాయి. మోటారు తప్పుకుని ప్యాడ్లు అందుకున్న చోట ఆగే తీరులో కొద్దిపాటి తేడా తెలియడం మొదటి రకం, దానికి భయపడనక్కరలేదు. మాడిన వాసన రావడం, అదే వేగం తగ్గడానికి పెడల్‌ను ముందుకంటె లోతుగా, ఇంకా గట్టిగా తొక్కవలసి రావడం రెండవ రకం. ఇది వేడికి బ్రేకులు చేతులెత్తేస్తున్న సూచన. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్ 3 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకుండా తట్టుకోవాలి, 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుడుకు లొంగుతుంది కాబట్టి ఒత్తిడి ప్యాడ్ల దాకా చేరదు. ప్యాడ్లు అరగలేదు కదా అని రెండేళ్లు దాటినా ఆయిల్ మార్పించని హైబ్రిడ్ యజమానులే ఎక్కువ. రోజువారీ నగర ప్రయాణంలో ప్యాడ్లు వేడెక్కవు కాబట్టి పాత ఆయిల్ లోపం ఎప్పటికీ బయటపడదు. మొదటిసారి బయటపడేది కుటుంబమంతా కూర్చున్న బండి ఘాట్ దిగుతున్నప్పుడే. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఏ రకమో నేను తేల్చలేను గాని, రెండేళ్లు నిండాయి కాబట్టి ఆయిల్ మార్పించండి. దారిలో రెండవ రకం లక్షణాలు కనిపిస్తే బి లో ఉంచి, వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆపి, అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి.

గుంత దగ్గరి జారుడుకు కారణం వేరు. ముందు చక్రాలతో నడిచే హైబ్రిడ్‌లో మోటారు బ్రేకు ముందు చక్రాలకే పనిచేస్తుంది. మెల్లగా బ్రేకు వేస్తుండగా ఒక ముందు చక్రం గుంతలో పడి క్షణంపాటు పట్టు కోల్పోతే, చక్రం జారుతోందని భావించి కంప్యూటర్ మోటారు బ్రేకును వెంటనే తీసేస్తుంది, పనిని ప్యాడ్లకు అప్పగిస్తుంది. ఆ అప్పగింత నడుమ వచ్చే చిన్న ఖాళీలో బండి ముందుకు వదిలేసినట్లు అనిపిస్తుంది. ఇది డ్రైవర్ల భ్రమ కాదు. 2010 ఫిబ్రవరిలో టొయోటా ప్రియస్‌తో పాటు మరికొన్ని హైబ్రిడ్లను, ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,37,000 బండ్లను, ఎగుడుదిగుడు రోడ్డు మీద బ్రేకు అందడంలో కలిగే ఇటువంటి జాప్యం కారణంగానే వెనక్కి పిలిచి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే వ్యవస్థ) సాఫ్ట్‌వేర్ మార్చింది. ఆ తరువాత వచ్చిన బండ్లలో ఆ ఖాళీ చాలా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు.

ఆ క్షణంలో చాలామంది చేసే పొరపాటు భయంతో పాదం ఎత్తి మళ్లీ తొక్కడం. పాదం ఎత్తకండి, ఇంకాస్త గట్టిగా నొక్కండి. గట్టిగా నొక్కినప్పుడు ప్యాడ్లు ముందే పనిలో ఉంటాయి కాబట్టి ఖాళీ ఉండదు. స్పీడ్ బ్రేకర్, గుంత ముందుగా కనిపిస్తే వాటికి ముందే వేగం తగ్గించుకుని, దాటేటప్పుడు పెడల్ వదిలేయండి. టైర్లలో గాలి సరిగా ఉందా, ముందు టైర్లు అరిగాయా చూసుకోండి, ఎందుకంటే పట్టు తగ్గిన టైరు ఈ జారుడును రెట్టింపు చేస్తుంది. నున్నని రోడ్డు మీద కూడా ఇలా జరిగితే, ఒక క్షణానికి మించి సాగితే, ఏబీఎస్ దీపం వెలిగితే అది సహజం కాదు. సర్వీస్‌లో బ్రేకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త అప్‌డేట్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

తలుపు తీయగానే వచ్చే చప్పుడు, మీరు ఎక్కి బ్రేకు తొక్కేలోగా ఒత్తిడిని సిద్ధం చేసి ఒక పాత్రలో నిల్వ ఉంచే పంపుది. కొద్ది సెకన్లు తిరిగి ఆగిపోతే అది ఆరోగ్య లక్షణమే. అయితే దాని తీరును గుర్తుపెట్టుకోండి. బండి కదలకుండా ఉండగా, పెడల్ మీద పాదం లేకపోయినా ప్రతి కొద్ది సెకన్లకూ పంపు తిరుగుతుంటే, లేదా పెడల్ ఒక్కసారి తాకగానే ఎక్కువసేపు తిరుగుతుంటే, ఒత్తిడి లోపలే ఎక్కడో కారిపోతోందని అర్థం. బయట ఒక్క చుక్క ఆయిల్ కూడా కనిపించదు. టొయోటా పద్ధతి బండ్లలో, కంప్యూటర్ గుర్తించిన లోపాలను చదివే స్కానర్ పెడితే సి1252, సి1256, సి1391 అన్న కోడ్లు ఈ కుటుంబానికి చెందినవే: పంపు మరీ ఎక్కువసేపు తిరుగుతోందని మొదటిది, నిల్వ ఒత్తిడి తగ్గిందని రెండవది, నిల్వ ఒత్తిడి కారిపోతోందని మూడవది చెబుతాయి. 2013 జూన్‌లో ప్రియస్, లెక్సస్ హెచ్ఎస్250హెచ్ బండ్లను సుమారు 2,42,000 వెనక్కి పిలవడానికి కూడా ఈ నిల్వ పాత్రలోని లోపమే కారణం. పగులులోంచి నైట్రోజన్ వాయువు బ్రేక్ ఆయిల్‌లోకి చేరే అవకాశం ఉందని అప్పుడు తేలింది. ఈ ఒత్తిడి యూనిట్‌ను విప్పి బాగుచేసే పద్ధతి అధీకృత సర్వీస్‌లో సాధారణంగా ఉండదు, మొత్తంగా మార్చుతారు, ఖర్చు చాలా ఎక్కువ. హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే 8 సంవత్సరాల వారంటీ దీనికీ వర్తిస్తుందని అనుకోకండి. వారంటీ పుస్తకంలో బ్రేకు భాగాల గడువు చూసుకుని, అది ముగియక ముందే ఈ శబ్దం గురించి ఫిర్యాదు నమోదు చేయించండి, వీలైతే ఫోనులో రికార్డు చేసి వినిపించండి.

పసుపు రంగు బ్రేకు దీపం వెలిగితే బండిని నిదానంగా నేరుగా సర్వీస్‌కు తీసుకువెళ్లవచ్చు. ఎరుపు దీపంతో పాటు అలారం మోగితే నడపడం ఆపాలి. అప్పుడు కూడా బ్రేకు పూర్తిగా పోదు. సాయం పోయినా, పెడల్‌కు కలిసి ఉన్న మాస్టర్ సిలిండర్ నుంచి ఆయిల్ నేరుగా చక్రాలకు, కనీసం ముందు చక్రాలకు, చేరే దారి ఉంచారు. పెడల్ రాయిలా తగులుతుంది, రెండు కాళ్ల బలం పెట్టవలసి రావచ్చు. మళ్లీ మళ్లీ కొట్టకుండా ఒకేసారి బలంగా నొక్కి పట్టుకోవాలి, బండి ఆగేదాకా పవర్ బటన్ ముట్టుకోకూడదు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండిలో ఆ స్విచ్‌ను పట్టుకుని ఉంచితే అత్యవసరంగా ఆపుతుంది. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఒక్కసారిగా మూడు నాలుగు దీపాలు వెలిగితే మాత్రం ముందుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీని అనుమానించండి. బ్రేకు కంప్యూటర్, పంపు దానిమీదే ఆధారపడతాయి. పిల్లలు విదేశాల్లో ఉండి, తల్లిదండ్రుల దగ్గర వారాల తరబడి కదలకుండా ఉండే బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటె తక్కువ ఉంటే ముందు దాన్ని ఛార్జ్ చేసి లేదా మార్చి, కోడ్లు చెరిపి, అప్పుడు బ్రేకుల సంగతి చూడాలి. ఈ పరీక్ష చేయకుండానే ఖరీదైన యూనిట్ మార్చాలని అంచనా రాసి ఇస్తే సంతకం పెట్టకండి.

షెడ్డులో చేయించవచ్చా అన్నది మెకానిక్ చేతిలో స్కానర్ ఉందా, దాన్ని ఈ బండికి వాడటం తెలుసా అన్నదాని మీద ఆధారపడుతుంది. మన షెడ్లలో ఎంతో నేర్పుగల మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయితే పెడల్ కొట్టించి, కాలిపర్ మీది నిపుల్ (గాలి తీసే మర) విప్పి గాలి తీసే పాత పద్ధతి ఇక్కడ చాలదు. ఒత్తిడి యూనిట్ లోపలి దారుల్లో చిక్కిన గాలిని స్కానర్ ఆదేశాలతో పంపును తిప్పి తీయాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు ఎవరైనా తలుపు తీసినా, పెడల్ తాకినా పంపు లేచి ఒత్తిడి పంపుతుంది. కాలిపర్ విప్పి ఉంటే పిస్టన్ బయటికి తోసుకువస్తుంది, వేళ్లు నలగవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు సర్వీస్ పద్ధతి ప్రకారం బ్రేకు కంట్రోల్‌ను నిద్రలో పెట్టాలి. వెనుక ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను క్లాంపుతో వెనక్కి నొక్కకూడదు, దాని మోటారు విరుగుతుంది. పిన్నుల శుభ్రత, గ్రీజు, ప్యాడ్ల కొలత వంటివి, ఈ జాగ్రత్తలు తెలిసిన షెడ్డు మెకానిక్ చేత నిశ్చింతగా చేయించుకోవచ్చు. ఆయిల్ మార్పు మాత్రం స్కానర్ లేని చోట వద్దు.

మీరు ఈ వారంలో సర్వీస్‌కు వెళ్తే జాబ్ కార్డు మీద "బ్రేక్ చెకప్" అని ఒక్క మాట రాయనివ్వకండి. నాలుగు చక్రాల లోపలి, బయటి ప్యాడ్ల మందం, స్లైడ్ పిన్నుల కదలిక, ఆయిల్ మార్పు, బ్రేకు కోడ్ల ప్రింటు అని విడివిడిగా రాయించండి. ఆ కొలతలు, కోడ్లు చేతికి వచ్చాక ఇక్కడే రాయండి, డిస్కులు కోయించాలో మార్చాలో వాటిని బట్టి చెబుతాను. అప్పటిదాకా బండిని ఘాట్ ఎక్కించకండి.